ఛత్రీ విచ్చుకున్నాక వచ్చే గఫ్లత్

ఆకాశంలోంచి దూకే మాట ఎత్తితే మన ఇళ్లల్లో అందరూ అడిగే సవాల్ ఒక్కటే: "పారాచూట్ తెరుచుకోకపోతే?" తెరుచుకుంటే చాలు, అల్‌హమ్దులిల్లాహ్, ఇక పిల్లాడు ఖైరియత్‌గా దిగినట్టే అని మన లెక్క. ఆ లెక్క పూర్తిగా సరైంది కాదని చెప్పడానికే ఈ మజ్మూన్. ఛత్రీ చక్కగా విచ్చుకున్నాక, తాళ్లన్నీ సరిగ్గా ఉన్నాక, దిగే ఆ నాలుగైదు నిమిషాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు, కాళ్లూ నడుమూ విరగ్గొట్టుకున్నవాళ్లు ఈ ఆటలో చాలామందే ఉన్నారు. చాలాసార్లు లోపం గుడ్డలో లేదు, తాడులో లేదు. ఇంకెంత ఎత్తు మిగిలింది, ఎక్కడ దిగాలి అన్న రెండు సంగతుల మీద హోష్ తప్పడంలో ఉంది.

మనకెందుకు ఈ గోల అనకండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫజర్ వేళకి ఏ రోడ్డు మీద చూసినా ఫౌజ్ భర్తీ కోసం పరుగు తీసే కుర్రాళ్లు కనిపిస్తారు. పారా దళాలకు ఎంపికైనవాళ్లు ఆగ్రాలోని ట్రైనింగ్ స్కూల్‌కి వెళ్లి దూకడం నేర్చుకుంటారు. ఉర్దూలో వాళ్లను ఛాతా బర్దార్ అంటాం. ఇంకోవైపు మన పిల్లలు రోజ్‌గార్ కోసం గల్ఫ్ వెళ్తున్నారు. దుబాయ్‌లో పామ్ దీవి మీద దూకడం ఇప్పుడు ఒక షౌఖ్. ఒకరు దూకి వీడియో పెడితే ఖాందాన్ గ్రూప్‌లో నలుగురు మాషా అల్లాహ్ అంటారు, ఐదోవాడు తనూ దూకుతానంటాడు. ఉస్తాద్‌కి కట్టుకుని ఒకసారి దూకినవాళ్లలో కొందరు తర్వాత కోర్సులో చేరి సొంతంగా దూకడం మొదలుపెడతారు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల ఇళ్లవాళ్లకి.

నేను దూకినవాణ్ణి కాదు, చదివి తెలుసుకున్నవాణ్ణి. సంగతి మొదటి నుంచి చెప్తాను. విమానం సుమారు 13,000 అడుగుల ఎత్తున వదిలేస్తుంది. నిమిషం పాటు గంటకి దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడతారు. నాలుగైదు వేల అడుగుల దగ్గర ఛత్రీ తెరుస్తారు. ఇది సినిమాల్లో చూసే గొడుగు లాంటి గుండ్రటి ఛత్రీ కాదు. గాలి నింపుకున్న పరుపు లాంటి పొడుగాటి రెక్క. అది నిలువునా దిగదు, ముందుకి ఎగురుతూ దిగుతుంది. చేతుల్లో రెండు పిడులుంటాయి. కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకి తిరుగుతుంది. నేల దగ్గర రెండూ కలిపి లాగితే వేగం తగ్గి మెత్తగా దిగుతారు.

మామూలు ఛత్రీ రమారమి నిమిషానికి వెయ్యి అడుగులు దిగుతుంది. అంటే 3,000 అడుగుల దగ్గర మీకు మూడు నిమిషాల మోహ్లత్ ఉంది. 300 అడుగుల దగ్గర ఇరవై సెకన్లు కూడా లేదు. ఎత్తు అంటే మోహ్లత్ అన్నమాట. పైన ఉన్నప్పుడు దిగడానికి పది చోట్లు అందుబాటులో ఉంటాయి. కిందికి వస్తున్నకొద్దీ అవి ఒక్కొక్కటే చెయ్యి జారిపోతాయి. చివరికి ఒక్కటే మిగులుతుంది, అది మీరు ఎంచుకున్నది కాకపోవచ్చు.

1991లో సైప్రెస్ అనే చిన్న యంత్రం జర్మనీ నుంచి వచ్చింది. మనిషి ఛత్రీ తెరవడం మర్చిపోయినా, స్పృహ తప్పినా, నేల దగ్గరయ్యేసరికి అది తనంతట తనే రెండో ఛత్రీని తెరుస్తుంది. ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ విచ్చుకున్న ఛత్రీ కింద తప్పుడు ఫైసలా చేసేవాణ్ణి ఆ యంత్రం కాపాడలేదు. వేలాడుతున్నవాడి బుర్ర చేయాల్సిన పని అది.

అందుకే నేర్పే ఉస్తాద్‌లు ఎత్తుకి మెట్లు కడతారు. ఛత్రీ తెరుచుకోగానే ముందు అది సరిగ్గా ఉందా అని చూడాలి, తర్వాత చుట్టుపక్కల ఎవరున్నారో చూడాలి, ఆ తర్వాత నేల. 2,000 అడుగుల దగ్గర ఒక సవాల్ వేసుకోవాలి: అనుకున్న మైదానానికి చేరగలనా, లేదా? లేదనిపిస్తే అక్కడే ఇంకో చోటు ఖరారు చేసుకోవాలి. 1,000 అడుగులకి ఆ చోటు పక్కన ఉండాలి. అక్కణ్ణించి గాలి వాలున కొంత దూరం, 600 అడుగుల దగ్గర అడ్డంగా ఒక మలుపు, 300 అడుగుల దగ్గర గాలికి ఎదురుగా ఆఖరి మలుపు. ఊరిని బట్టి, ఛత్రీని బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి, వరస మాత్రం మారదు. మణికట్టు మీద ఆల్టీమీటర్ ఉండేది ఫోటో కోసం కాదు. గడియారంలా దాన్ని మాటిమాటికీ చూస్తుండాలి.

నేలని చదవడం కూడా ఒక ఇల్మ్. మన ఉద్దానం మీద దిగుతున్నట్టు ఊహించుకోండి. పైనుంచి కొబ్బరి తోటలు, జీడి తోటలు పచ్చటి తివాచీలా ముద్దుగా కనిపిస్తాయి. కానీ అందులో కాలు పెట్టే జాగా లేదు. కోతలయిన వరి మడి మంచి చోటే, గట్లని చూసుకుంటే. రొయ్యల చెరువు పైనుంచి మెరుస్తూ చదునుగా కనిపిస్తుంది, దిగితే మాత్రం తాళ్లన్నీ ఒంటికి చుట్టుకుంటాయి. రోడ్డు తిన్నగా ఉంది కదా అని అటు వెళ్తే దాని పక్కనే కరెంటు లైను ఉంటుంది. తీగలు పైనుంచి కనపడవు. కాబట్టి తీగల కోసం కాదు, స్తంభాల వరస కోసం వెతకాలి. పెద్ద చెట్ల వరసకి, భవనాలకి గాలి వాలు వైపున సుడి గాలి ఉంటుంది, అక్కడ ఛత్రీ కుదుపులకి లోనవుతుంది. గాలి ఎటు నుంచి వస్తోందో పొగ చెప్తుంది, జెండా చెప్తుంది. సముద్రం పక్కన పెరిగినవాళ్లకి ఇంకో సంగతి తెలుసు: పొద్దున నేల మీద నుంచి వీచిన గాలి ఎండెక్కేసరికి సముద్రం మీద నుంచి తిరుగుతుంది. పొద్దుటి లెక్క జుహర్ వేళకి పనికిరాదు.

చేరగలనా లేదా అన్నది తెలుసుకోవడానికి ఒక తేలిక కొలత ఉంది. తిన్నగా వెళ్తూ ముందున్న నేలని చూడండి. ఏ చోటు కంటికి పైకీ కిందికీ జరగకుండా ఉన్నచోటే ఉంటుందో, మీరు వెళ్తున్నది అక్కడికే. అంతకు అవతలివి పైకి జరుగుతున్నట్టు కనిపిస్తాయి, అక్కడికి మీరు చేరరు. ఇవతలివి కాళ్ల కిందికి జరిగిపోతాయి, వాటిని దాటేస్తారు. మీ మైదానం పైకి జరుగుతోందంటే, ఆశ ఎంతున్నా, అది అందదు. ఈ నిజం 2,000 అడుగుల దగ్గర ఒప్పుకుంటే వరి మడి దొరుకుతుంది. 300 అడుగుల దగ్గర ఒప్పుకుంటే తాటిచెట్టు దొరుకుతుంది.

ఇప్పుడు అసలు ఖతర్నాక్ విషయం. ఆలస్యంగా మేల్కొన్నవాడు నేల దగ్గర ఒక్కసారిగా పిడి లాగుతాడు. ఎదురుగా తీగ కనిపించిందని, లేక గాలికి ఎదురు తిరగాలని. గట్టిగా తిప్పిన ఛత్రీ మలుపుతో పాటు మునుగుతుంది, మనిషి లోలకంలా పక్కకి ఊగుతాడు, అది మళ్లీ నిలదొక్కుకునేలోపు నేల వచ్చేస్తుంది. అందుకే ఉస్తాద్‌ల కాయిదా వరస ఇది: మొదట రెక్క సమంగా ఉండాలి, తర్వాత అడ్డం లేని జాగా, తర్వాత పిడులు లాగి వేగం తగ్గించడం, చివరికి కాళ్లూ మోకాళ్లూ దగ్గర పెట్టుకుని దొర్లడానికి సిద్ధంగా ఉండటం. గాలికి ఎదురుగా దిగడం మంచిదే, కానీ దానికోసం నేల దగ్గర గట్టి మలుపు తిప్పొద్దు. గాలి వాలున దిగి నాలుగు దొర్లుళ్లు దొర్లితే మోచేతులు గీసుకుపోతాయి. కింద తిప్పిన మలుపు వెన్నెముకని తీసుకుంటుంది.

ఇంత తెలిసి కూడా ఎందుకు చేస్తారు? నా రాయ్‌లో చాలాసార్లు కారణం భయం కాదు, షర్మిందగీ. దోస్తులు మైదానంలో కెమెరాలు పట్టుకుని నిలబడ్డారు. తను మాత్రం కిలోమీటరు అవతల ఎవరిదో పొలంలో దిగి, బురద కాళ్లతో, ఛత్రీ మూట భుజాన వేసుకుని నడిచి రావాలి. ఆ నడక బేఇజ్జతీ అనిపిస్తుంది. అందుకే అందదని తెలిసినా మైదానం వైపే సాగదీస్తాడు. ఈ రోగం ఆకాశంలో పుట్టింది కాదు, మన ఇళ్లల్లో మనం నేర్పిందే. పరీక్షలో వెనక్కి తగ్గినవాణ్ణి, వ్యాపారం సగంలో మూసుకుని వచ్చినవాణ్ణి మనం ఎలా చూస్తాం? "వాడు తిరిగొచ్చేశాడు" అంటాం. అలా పెరిగిన పిల్లాడు పైన ఎలా వెనక్కి తగ్గుతాడు?

మన పక్కనే జరిగింది గుర్తు చేసుకోండి. 2025 జనవరి 2న విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాల రిహార్సల్‌లో ఇద్దరి ఛత్రీలు గాల్లో ఒకదానికొకటి చిక్కుకున్నాయి. ఇద్దరూ ఒడ్డుకి దగ్గర్లో సముద్రంలో పడ్డారు. పడవ మీద ఉన్న సిబ్బంది వాళ్లని బయటికి తీశారు, అల్లాహ్ కా షుక్ర్. ఆ వీడియో చూసి చాలామంది నసీబ్ బాగుంది అన్నారు. నిజమే. కానీ వాళ్లు పడేవేళకి కింద పడవ ఉండటం ఎవరో ముందే ఆలోచించి చేసిన ఇంతెజామ్. అనుకున్న చోట దిగకపోతే ఏంటి అన్న సవాల్‌కి జవాబు దూకకముందే సిద్ధంగా ఉండాలి.

మన తారీఖ్‌లోనూ ఒక సబక్ ఉంది. 9వ శతాబ్దంలో ఖుర్తుబాలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకుని ఎగిరాడని, దిగేటప్పుడు నడుం దెబ్బతిన్నదని తర్వాతి శతాబ్దాల్లో అల్‌మఖ్ఖరీ రాశాడు. పక్షి దిగేది తోక ఆసరాతో అన్నది ఆయన లెక్కలోకి తీసుకోలేదట. ఎగిరిన మొదటి ముస్లిం అని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ పిల్లలకి ఆ కిస్సా సగంలో ఆపకండి. ఎగరడం గురించి అంత ఆలోచించినవాడికి కూడా దిగడం దగ్గరే దెబ్బ తగిలింది.

"రాసిపెట్టి ఉంటే ఎక్కడున్నా మౌత్ తప్పదు" అనే పెద్దలకి అదబ్‌తో ఒక మాట. ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న నబీ కరీం సల్లల్లాహు అలైహి వసల్లం ఉమ్మత్ మనం. ఎత్తు చూసుకోవడం, చోటు ముందే ఎంచుకోవడం ఆ తాడు కట్టడమే. అసలు షౌఖ్ కోసం దూకడం సరైందా కాదా అన్నది ఉలమాని అడగండి, నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాదు. ఫౌజ్‌లో ఉన్న పిల్లాడికి మాత్రం ఆ సవాలే లేదు, దూకమంటే దూకాలి. వెళ్లేవాడికి హోష్ నేర్పి పంపడం మన జిమ్మేదారీ.

కాబట్టి అబ్బాలూ, అమ్మీలూ, "సేఫేనా బేటా?" అని అడిగి ఊరుకోకండి. దానికి వాడు "హా అమ్మీ" అనే అంటాడు. ఇవి అడగండి: ఏ ఎత్తు దగ్గర ఫైసలా చేస్తావు? ఆ మైదానం అందకపోతే దిగడానికి ఇంకో రెండు చోట్లు ఏవి, పైకి వెళ్లకముందే చూశావా? గాలి ఎంత దాటితే ఆ రోజు దూకడం మానుకుంటారు? ఉస్తాద్‌కి కట్టుకుని దూకేవాడైతే, కాళ్లు ఎత్తమన్నప్పుడు ఎత్తడం ప్రాక్టీస్ చేశావా? ఇక కెమెరా సంగతి: 200 సార్లు దూకేదాకా కెమెరా పెట్టుకోవద్దని అమెరికా పారాచూట్ అసోసియేషన్ సలహా. కాబట్టి కొత్తగా నేర్చుకుంటున్నవాణ్ణి వీడియో పంపమని మనం అడగొద్దు. మన షాబాషీ కోసం వాడి చూపు ఆల్టీమీటర్ మీద నుంచి పక్కకి పోకూడదు.

ఇంకొక్క మాట ఫోన్‌లో తప్పకుండా చెప్పండి. "దూరంగా ఎవరి పొలంలోనైనా దిగు, ఆ రైతుకి సలాం చెప్పి మాఫీ అడుగు, ఎంత దూరమైనా నడిచి రా. ఆలస్యమైతే మేము ఎదురు చూస్తాం. ఎవరు నవ్వినా మేము నవ్వం." పైన ఒంటరిగా ఉన్నప్పుడు, మైదానం అందదని కళ్లు చెప్తున్నప్పుడు, పిల్లాడికి వెనక్కి తగ్గే ధైర్యం ఆ మాట ఇస్తుంది.