తూటా చౌకైతే పంట దక్కదు

హైదరాబాద్ శివార్లలో గౌడవెల్లి, మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఇంకా మిగిలిన చేలల్లో మక్క కంకి పాలు పోసుకునే వేళకు ఒక వాదన బలం పుంజుకుంటుంది. అడవి పందులను, జింకలను కాల్చనివ్వాలట. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ముందుకు రానిది తూటాలు పిరమైనందుకేనట. ఆ ఖర్చు సర్కారు భరిస్తే పంట దక్కుతుందట. రైతు మేలు కోరి చెబుతున్నట్టు వినిపించే ఈ వాదన రైతుకే చేటు.

రైతు నష్టాన్ని తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. పందుల మంద ఒక్క రాత్రి దిగితే మక్క చేను నేలమట్టమవుతుంది. నారాయణపేట జిల్లా కృష్ణా, మాగనూరు, మక్తల్ మండలాల్లో కృష్ణజింకల గుంపులు మొలకెత్తిన పైరును మేసేసి పోతుంటే రైతులు ఏళ్లుగా గోడు వెళ్లబోసుకుంటున్నారు. మంచె మీద రాత్రంతా మేల్కొని, తెల్లారి మళ్లీ పొలం పనికి దిగే మనిషిని జంతుప్రేమ గురించి పాఠాలు వినమనడం అన్యాయం. ఆ మనిషికి ఏం ఇస్తే పంట చేతికొస్తుందన్నదే అసలు ప్రశ్న.

ముందు ధర సంగతి. తూటా పిరమైన మాట నిజం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్లకు గిరాకీ పెరిగి, తూటా మందుకు మూలమైన నైట్రోసెల్యులోజ్‌కు ప్రపంచమంతటా కొరత వచ్చింది. బ్రిటన్ జింకల వేటగాళ్లకు ఈ ధర పెద్ద బాధే. అక్కడ తోడేళ్లు అంతరించి శతాబ్దాలైంది. జింకల సంఖ్యను అదుపులో పెట్టేది తుపాకీయే. కాల్చిన జింక మాంసాన్ని చట్టబద్ధంగా అమ్ముకుని ఖర్చు రాబట్టుకుంటారు. దానికి తోడు సీసం తూటాలను మాన్పించే నిర్ణయం 2025లో వెలువడటంతో ఖరీదైన రాగి తూటాలకు మారాల్సి వస్తోంది. అక్కడి లెక్క అక్కడిది. దాన్ని తెచ్చి మన చేలకు అతికించలేం.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. మనిషి ప్రాణానికి ముప్పుంటేనో, అది కోలుకోలేని రోగంతోనో గాయంతోనో ఉంటేనో తప్ప చంపే వీల్లేదు. పంట తిన్నదన్న కారణం దానికి చాలదు. తూటా ఉచితంగా ఇచ్చినా నారాయణపేట రైతుకు ఒరిగేది శూన్యం. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులోకి వచ్చింది. పంటకు ముప్పని తేలితే అధికారి కారణాలు రాసి కాల్చేందుకు అనుమతి ఇవ్వవచ్చు. అలా చంపిన జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే. మాంసం ముట్టుకోకూడదు. కాబట్టి తూటాకు పెట్టిన ప్రతి రూపాయీ తిరిగి రాని ఖర్చు.

తిరిగి రాకున్నా పంట దక్కితే చాలనవచ్చు. అదైనా దక్కిందా? 2016లో బిహార్‌లోని మొకామాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లు రెండు వందలకు పైగా నీల్‌గాయిలను కాల్చారు. దాని మీద కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జవడేకర్ బహిరంగంగా తగువుపడ్డారు. ఎనిమిదేళ్లు గడిచాక, 2024లోనూ బిహార్ ప్రభుత్వం నీల్‌గాయిలను, పందులను కాల్చడానికి షూటర్లను పిలుస్తూనే ఉంది. కేరళ 2022లో అనుమతిచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల చేతికిచ్చింది. అయినా అడవి పందిని హానికర జంతువుగా ప్రకటించమని కేంద్రాన్ని అడగడం మానలేదు. అడవి పంది ఏడాది దాటితే ఈనగలదు, ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లలు పెడుతుంది. కాల్పులకు చెదిరిన మంద పక్క ఊరి చేలో పడుతుంది. ఒకరి నష్టం ఇంకొకరి నెత్తికెక్కుతుందే తప్ప తగ్గదు.

గౌడవెల్లి విషయానికొస్తే ఇంకో ప్రమాదముంది. ఒకవైపు రైలు పట్టాలు, మరోవైపు అవుటర్ రింగ్ రోడ్డు, నడుమ కాలనీలు, వెంచర్లు, ఫాంహౌసులు. .315 బోరు రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటరు దాటి పోగలదు. చీకట్లో ఇళ్ల మధ్య అలాంటి కాల్పులకు ప్రజల సొమ్ము ఇవ్వమనడం బాధ్యత గల కోరిక కాదు.

పందులు పగలంతా ఎక్కడ దాగుతున్నాయో కూడా చూడాలి. చెరువు శిఖాల్లో, ప్లాట్లు కొని ఏళ్ల తరబడి వదిలేసిన వెంచర్లలో సర్కారు తుమ్మ గుబురుగా పెరిగింది. అడవి లేనిచోట పందికి అదే అడవి. భూమి ధర పెరిగే లాభం ప్లాటు యజమానికి, ఆ తుప్పల్లో పెరిగిన మంద చేసే నష్టం పక్కనున్న కౌలు రైతుకు! తూటాల చర్చలో ఈ అన్యాయం ఊసే రాదు.

కాల్చనివ్వకపోతే రైతులు కరెంటు తీగలు పెడతారు, మనుషులే చస్తారు అన్నది ఎదుటివారి బలమైన వాదన. ఆ చావులు నిజం. ఆ తీగకు బదులివ్వగలిగేది కంచె మాత్రమే. కాల్చే మనిషి వచ్చిన రాత్రికే వస్తాడు, కంచె ప్రతి రాత్రీ ఉంటుంది. సోలార్ కంచెలో కరెంటు క్షణకాలం కొట్టి ఆగుతుంది, జంతువు బెదిరి మళ్లుతుంది, ప్రాణం పోదు. ఒక్కో రైతు విడిగా వేసుకుంటే భారం, పది మంది చేలకు కలిపి వేస్తే ఖర్చు పంచుకోవచ్చు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు పందుల మీద ఏళ్లుగా పనిచేసి, చేను చుట్టూ ముళ్ల కుసుమ సాళ్లు వేయడం వంటి చౌక ఉపాయాలు చెప్పారు. నగరం ఈ చివర ఉన్న మన చేలకు అవి చేరాలి.

అన్నీ చేసినా నష్టం జరిగితే బీమా ఉండాలి. అడవి జంతువుల వల్ల కలిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో చేరుస్తామని, 72 గంటల్లో ఫొటోలతో తెలపాలని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. తెలంగాణ ఆ పథకం నుంచి 2020లో బయటికొచ్చింది. మళ్లీ చేరతామన్న మాట 2024లో వినిపించింది. ఆ మాట నిలబడేలా ఒత్తిడి తేవడం తూటాల రాయితీ కోసం అర్జీలు పెట్టడం కన్నా వెయ్యి రెట్లు విలువైన పని.

అందుకే రైతు తరఫున అడగాల్సినవి మూడు. ఉమ్మడి సోలార్ కంచెలకు సబ్సిడీ కావాలి. ఖాళీ ప్లాట్లలో తుప్పలు కొట్టించే బాధ్యత యజమానులదేనని, కాదంటే జరిమానా అని స్థానిక సంస్థలు తేల్చాలి. కౌలు రైతుకు కూడా అందేలా బీమా, పరిహారం ఆ పంటకాలంలోనే చెల్లించాలి. వీటిని పక్కనపెట్టి తూటా ధర తగ్గించమని కోరే నాయకుడు రైతు కోసం మాట్లాడటం లేదు. ప్రభుత్వం తన బాధ్యతను తుపాకీ ఉన్నవాడి భుజాన పెట్టి తప్పుకోవడానికి దారి చూపుతున్నాడు.