పులుల లెక్క ఒక్కటే చాలదు

నల్లమల అంచున సేద్యము చేయు రైతులకు పులుల లెక్క క్రొత్త కాదు. 2006 నుండి దేశమంతట నాలుగేండ్లకొకసారి అది జరుగుచున్నది. అడవిబాటకు ఇరుప్రక్కల, మోకాలి ఎత్తున, ఎదురెదురుగా రెండు కెమెరాలు కట్టుదురు. పులి కుడిప్రక్క చారలు ఎడమప్రక్క చారలవలె నుండవు గనుక రెండు ప్రక్కల ఫొటోలును కావలెను. దుప్పి, అడవిపంది, ఎలుగుబంటి కూడ ఆ కెమెరాలకే చిక్కును. మంచి పనియే.

అయితే ఈ పని చాలవరకు పొడికాలమున జరుగును. అప్పుడు కప్ప నేలలో దాగియుండును. పాములు, తొండలు కెమెరాకు సాధారణముగా అందవు. ఆ కెమెరా జంతువు ఒంటి వేడిని పసిగట్టి పనిచేయును. వీటి ఒంటి వేడియో, చుట్టునున్న నేల వేడికి దగ్గరగా నుండును.

వీటిని లెక్కించు పద్ధతి వేరు. తొలకరి రాత్రులు టార్చిలైటుతో వాగు వెంట నడచి అరుపులు వినవలెను. ఏ జాతి అరుపు ఆ జాతిదే. పగలు పొట్టి రేకుదడి కట్టి, దాని పొడవున బొక్కెనలను నేలమట్టమునకు పాతుదురు. దడి దాటలేక ప్రక్కగా పోవు కప్పలు, బల్లులు వానిలో పడును. తెల్లవారగనే చూచి, వ్రాసికొని, విడిచిపెట్టవలెను. ఆలస్యమైనచో ఎండకు చచ్చును.

దీనితో మాకేమి పని యందురా? కప్ప పైరు పురుగులను తినును. జెర్రిపోతు ఎలుకలను తినును. కప్పకాళ్ళ ఎగుమతిని మన ప్రభుత్వము 1987లో నిషేధించినది. కాని చేనిలోని పురుగుమందు వాగులో కలిసినచో కప్ప పలుచని చర్మము దానిని పీల్చుకొనును. కప్పలు తగ్గినవని పెద్దలు చెప్పుచున్నారు. ఎంత తగ్గినవో తెలియుటకు పాతలెక్క ఉండవలెను గదా!

కనుక పులుల లెక్కవలెనే క్రమము తప్పక తొలకరిలో ఈ లెక్కయు జరుగవలెనని నా అభిప్రాయము. అది అడవిహద్దు వద్ద ఆగక చివరి చేను వరకు, ఊరి చెరువు వరకు రావలెను. అనుమతి లేక మీరు అడవిలోనికి పోరాదు. మీ గట్టుమీద నిలిచి వినుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. గ్రామోద్యోగులు వానలెక్క ప్రక్కనే, బోదురుకప్ప మొదట అరచిన తేదీని, చెరువు పేరును వ్రాసియుంచవచ్చును. రాత్రివేళ గట్టుమీద రక్తపింజర ఉండవచ్చును. కాలికి గట్టి చెప్పులు, చేత టార్చిలైటు లేనిదే బయలుదేరవద్దు.