చిన్న అంకె నిలబెట్టిన పరువు

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ టీకాల కంపెనీల ప్రహరీలు మొదలవుతాయి. ఇటు నాగపూర్ రోడ్డులో మేడ్చల్ దగ్గర శాంతా బయోటెక్నిక్స్. ప్రపంచానికి అందే టీకాల్లో మూడో వంతు ఈ చుట్టుపక్కల నుంచే పోతుందని మన ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా సరే, గొప్పగా చెప్పుకుంటాయి. ఆ గొప్ప ఎప్పుడూ రెండు అంకెల చుట్టే తిరుగుతుంది: ఎన్ని కోట్ల డోసులు, ఎంత చవక. 1997లో శాంతా తెచ్చిన హెపటైటిస్-బి టీకాను ఇప్పటికీ దాని యాభై రూపాయల ధరతోనే గుర్తుపెట్టుకున్నాం.

మూడో అంకె ఒకటుంది. దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేయలేం. టీకా వేసుకున్నవాళ్లలో ఎందరు జబ్బుపడ్డారు, ఉత్తుత్తి మందు పుచ్చుకున్నవాళ్లలో ఎందరు పడ్డారు అని రెండు గుంపుల మనుషులను పోల్చి చూస్తే వచ్చే అంకె అది. జీనోమ్ వ్యాలీ పరువు దాని మీదే నిలబడి ఉంది. దాన్ని రాబట్టడంలో తొందరపడిన ప్రతిసారీ నష్టపోయింది చెత్త మందు కాదు, మంచి మందే.

ముందుగా ఒక చిన్న అంకె సంగతి. పసిపిల్లల్లో విరేచనాలు కలిగించే రోటావైరస్ మన దేశంలో ఏటా దాదాపు 78 వేల మంది చిన్నారులను బలితీసుకుంటోందని అంచనా వేసిన రోజులవి. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించిన 116ఈ అనే వైరస్ రకంతో శామీర్‌పేటలోని భారత్ బయోటెక్ రోటావాక్ చుక్కలను తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వేలూరు ప్రాంతాల్లో 6,799 మంది శిశువులతో మూడో దశ పరీక్ష జరిగింది. ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒకరికి ప్లసీబో, అంటే ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది పడిందో తల్లికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. పరీక్షలో ఉన్న పిల్లల్లో ఎవరికి విరేచనాలు పట్టుకున్నా వెంటనే వైద్యం అందింది.

2013 మే నెలలో ప్రకటించిన ఫలితం 56 శాతం రక్షణ. మరుసటి ఏడాది లాన్సెట్ వైద్య పత్రికలో వ్యాసం వచ్చేసరికి అది 53.6 అయింది. పరీక్షలో అత్తెసరు మార్కుల్లా కనిపించే అంకె. అయినా ఎవరూ దాన్ని దాచలేదు, సాగదీయలేదు. విదేశీ రోటా టీకాలు కూడా ఆఫ్రికా పేద దేశాల్లో అంతకు మించి పెద్దగా చేసిందేమీ లేదని నిపుణులకు తెలుసు. ఆ అంకెతోనే 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి వచ్చింది, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపూ పొందింది.

దీనిమీదా వివాదం రాకపోలేదు. అమెరికాలో రోటాషీల్డ్ అనే పాత టీకాను 1999లో వెనక్కి తీసుకున్నారు. పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోయే ప్రమాదం దాదాపు పదివేల మందిలో ఒకరికి కనబడింది. పదివేలకొకటి జరిగే ముప్పును ఏడువేల మంది పిల్లల పరీక్ష పట్టుకోగలదా? పట్టుకోలేదు. కేంద్రాల వారీగా పేగు కేసుల లెక్కలు బయటపెట్టాలని కొందరు కోరారు, వేలూరు లెక్కలు అడిగారు. అడిగినవాళ్లను టీకాల వ్యతిరేకులని తోసిపుచ్చారు. అది తప్పు. వాళ్లు అడిగింది సరైన ప్రశ్న. టీకా వాడకంలోకి వచ్చాక ఆసుపత్రుల్లో నిఘా పెట్టి, పేగు ముప్పు పెరగలేదని 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో తేల్చిన అధ్యయనమే దానికి జవాబు. ఆ జవాబు రావాలంటే ఎవరో ఒకరు అడగాలి కదా.

ఇప్పుడు అదే ప్రహరీ లోంచి వచ్చిన పెద్ద అంకె సంగతి. 2020 జూలై 2న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతి ఆసుపత్రులకు ఒక లేఖ రాశారు. భారత్ బయోటెక్ కరోనా టీకా కొవాగ్జిన్‌ను ఆగస్టు 15 నాటికి ప్రజల్లోకి తేవాలన్నది దాని సారాంశం. అప్పటికి మొదటి దశలో ఒక్క వలంటీరుకైనా సూది పడలేదు. విమర్శలు వచ్చాక, అనవసర కాగితాల జాప్యం తొలగించడమే తమ ఉద్దేశమని సర్దిచెప్పుకున్నారు. నవంబరులో దాదాపు 25,800 మందితో మూడో దశ మొదలైంది. దాని ఫలితం రాకముందే, 2021 జనవరి 3న, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ (డీసీజీఐ) అత్యవసర అనుమతి ఇచ్చేసింది. వాడకం మాత్రం ‘క్లినికల్ ట్రయల్ పద్ధతి’లో అట. టీకా వేసుకునే ప్రతివాళ్లూ అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి. ట్రయల్ అన్నాక పోల్చడానికి రెండో గుంపు ఉండాలి. ఇక్కడ రెండో గుంపు లేదు. జనవరి 16న టీకాలు మొదలైన రోజే ఢిల్లీలోని ఆర్‌ఎంఎల్ ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లు తమకు కొవాగ్జిన్ వద్దు, రెండో కరోనా టీకా కొవిషీల్డ్ ఇవ్వండని అడిగారు.

చివరికి ఫలితం బాగానే వచ్చింది. జబ్బుపడిన 130 మందిలో ప్లసీబో గుంపువాళ్లు 106 మంది, టీకా గుంపువాళ్లు 24 మంది. అంటే 77.8 శాతం రక్షణ. రోటావాక్ కంటే ఎంతో పెద్ద అంకె. కానీ లాన్సెట్‌లో అది అచ్చయింది 2021 నవంబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో చోటు దొరికింది ఆ నెల 3న. ఈలోగా కొవాగ్జిన్ వేసుకుని అమెరికా చదువులకు బయల్దేరిన మన పిల్లలను అక్కడి యూనివర్సిటీలు కొన్ని మళ్లీ వేరే టీకా వేసుకోమన్నాయి. ఆ వేసవిలో మన ఇళ్లలో వాట్సాప్ గ్రూపులన్నీ దీని మీదే నడిచాయి. ఒక్క మూడు నెలలు ఆగి ఉంటే? కొవిషీల్డ్ అప్పటికే ఉంది. కరోనా కాలంలో ఆగడం ప్రాణాలతో చెలగాటమని అనేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. కానీ ఆగకపోవడం వల్ల టీకా వేగంగా పోలేదు. అనుమానం వేగంగా పాకింది.

ఖమ్మం జిల్లాలో 2009లో దీనికి తలకిందులుగా జరిగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి వేయించాయి. ఇది ట్రయల్ కాదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. కాబట్టి ట్రయల్‌కు ఉండాల్సిన కట్టుదిట్టాలు అక్కర్లేకపోయాయి. కొవాగ్జిన్ విషయంలో ట్రయల్ కానిదాన్ని ట్రయల్ అన్నారు, ఇక్కడ ట్రయల్ లాంటిదాన్ని కాదన్నారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు, 1,948 మీద వేలిముద్రలున్నాయి. కన్నవాళ్లకు తెలియకుండానే గిరిజన ఆడపిల్లలకు సూది పడింది. గుజరాత్‌తో కలిపి ఏడుగురు బాలికలు మరణించారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పినా, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. ప్రపంచమంతా వాడుతున్న ఒక మంచి టీకా మన ఆడపిల్లలకు పదేళ్లకు పైగా దూరమైంది. వార్డెన్ల సంతకాల ఖరీదు అది.

టీకాలకంటే చీకటి కోణం మాత్రల పరీక్షల్లో ఉంది. జెనరిక్ మందు అసలు మందులాగే రక్తంలో కలుస్తుందా అని ఆరోగ్యవంతుల మీద చేసే పరీక్షలివి. హైదరాబాద్ చుట్టూ ఉన్న ల్యాబ్‌లకు ఇదే పెద్ద వ్యాపారం. 2011లో పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షకు మియాపూర్‌లోని ఒక ల్యాబ్‌కు తెచ్చారని బయటపడి, దాని అనుమతిని డీసీజీఐ నిలిపేసింది. 2017లో జమ్మికుంట ప్రాంత యువకుడొకరు చనిపోతే, బెంగళూరులో ట్రయల్స్‌కు వెళ్లొచ్చినందువల్లేనని ఆరోపణలు వచ్చాయి. డబ్బు కోసం వెళ్లే మనిషి మళ్లీ పిలవరేమోనన్న భయంతో కడుపునొప్పి దాచుకుంటాడు, మొన్ననే ఇంకో ల్యాబ్‌లో మాత్ర మింగిన సంగతీ దాచుకుంటాడు. అతని ఆరోగ్యమూ పోతుంది, ల్యాబ్ లెక్కా పాడవుతుంది. ఆ లెక్కను కాగితం మీద కూడా దిద్దితే ఏమవుతుందో జీవీకే బయోసైన్సెస్ ఉదంతం చూపింది. హైదరాబాద్ కేంద్రంలో ఈసీజీలు తారుమారయ్యాయని ఫ్రాన్స్ తనిఖీదార్లు తేల్చాక, 2015లో యూరప్ సుమారు 700 మందుల అమ్మకాన్ని నిలిపివేయాలని నిర్ణయించింది. ఆ మందుల వల్ల హాని జరిగిందన్న ఆధారమేదీ దొరకలేదు. కంపెనీ తప్పేమీ చేయలేదంది. మన కేంద్ర ప్రభుత్వమైతే అలిగి యూరప్‌తో వాణిజ్య చర్చలే వాయిదా వేసింది. ఈసీజీల సంగతి చూస్తామని మాత్రం గట్టిగా అనలేదు.

ఇప్పుడు శామీర్‌పేట ముందు ఇంకా పెద్ద పరీక్ష ఉంది. స్పెయిన్ సంస్థ బయోఫాబ్రితో కలిసి భారత్ బయోటెక్ 2024 మార్చిలో ఎంటీబీవ్యాక్ అనే క్షయ టీకాను మన పెద్దవాళ్ల మీద పరీక్షించడం మొదలుపెట్టింది. క్షయ టీకా ట్రయల్ మనకు కొత్త కాదు. 1968లో, నెల్లూరు పొలిమేరకు ఆవల ఉన్న నాటి చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షల మందికి పైగా జనంతో బీసీజీని పరీక్షించారు. ఊపిరితిత్తుల క్షయ నుంచి రక్షణ దాదాపు సున్నా అని తేలింది. ప్రభుత్వమే నడిపిన ట్రయల్, ప్రభుత్వమే పంచుతున్న టీకా. అయినా సున్నాను సున్నా అనే అచ్చువేశారు. ప్రపంచంలో క్షయ మీద పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ ఆ ట్రయల్‌ను ఉదహరిస్తారు.

ఎంటీబీవ్యాక్ అంకె 80 వస్తుందో 30 వస్తుందో ఏళ్ల తర్వాత గానీ తేలదు. ఏది వచ్చినా బయటికి రావాలి. మన దేశంలో ట్రయల్‌ను ముందుగా క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి. నమోదై, ముగిసి, ఫలితం గడి ఖాళీగా ఉన్న ఎంట్రీలు అందులో బోలెడు కనిపిస్తాయి. ఆ గడి నింపకపోతే తర్వాతి ట్రయల్‌కు అనుమతి లేదని నిబంధన పెట్టవచ్చు. అనుమతికి ముందు నిపుణుల కమిటీ ఏ డేటా చూసిందో అదే రోజు బయటపెట్టవచ్చు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద 2019లో వచ్చిన నిబంధనలకు ఒక సవరణ చాలు.