గణితపు కాగితమును చెఱుపవద్దు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ఉపాధ్యాయులకును ముద్రణకారులకును విజ్ఞప్తి

గణితోపాధ్యాయులారా, డి.టి.పి. సెంటర్ల యజమానులారా, ఆపరేటరు సోదరీసోదరులారా, పదవ తరగతి పిల్లల తల్లిదండ్రులారా!

మొన్నటి ప్రీ-ఫైనల్‌లో మన పిల్లల చేతికి వచ్చిన గణితపు కాగితమును మీరందఱును చూచియే యుందురు. 2⁵ అని యుండవలసినచోట 25 అని అచ్చయ్యెను. వర్గసమీకరణపు మూలములను చెప్పు సూత్రమున, లవమంతటి క్రిందను నిలువవలసిన 2ఏ అను హారము వర్గమూలపు గుర్తు క్రిందికే కుదించుకొనిపోగా, మైనస్ బీ ఎడమప్రక్కన ఏకాకియై మిగిలెను. సూత్రము కంఠస్థమైన బాలుడు కాగితము తప్పని గుర్తించి ముందుకు సాగెను. కాగితమును నమ్మిన బాలిక తన జ్ఞాపకమునే శంకించుకొని, వచ్చిన లెక్కను కొట్టివేసి మార్కులు పోగొట్టుకొనెను. నమ్మినందులకు శిక్ష పడిన పరీక్ష యిది.

ఆ కాగితము పుట్టిన విధమును చూడుడు. ఎల్లారెడ్డి సారు చేవ్రాతతో చక్కగా వ్రాసిన ప్రశ్నలు బస్సెక్కి కామారెడ్డికి పోవును. అచ్చట ఆపరేటరు మ్యాటరు నొక సాఫ్టువేరులో కొట్టి, ఘాతాంకమును మౌసుతో పట్టి పైకి లేపి, హారమునకు గీత గీసి, ఆ మీదట పుటనంతటిని మఱియొక సాఫ్టువేరులోనికి మార్చును. ఆ మార్పులో ఘాతాంకము క్రిందబడును. ప్రూఫు తిరిగి ఎల్లారెడ్డికి వచ్చును. సారు ఎఱ్ఱసిరాతో దిద్దును. దిద్దినచోట మరల మౌసు పెట్టగా, నిన్న సరిగా నున్న ప్రక్క లెక్క నేడు చెడును. సీసపు టక్షరముల కాలమున కంపోజిటరు చిన్న టైపును చేత ఏరి, పైనను క్రిందను లెడ్డులు వేసి బిగించెడివాడు. బిగించిన పిమ్మట అది కదలెడిది కాదు. ఆ బిగువు నేటి పుటలో లేదు.

ఇందులకు ఆపరేటరును దూషించువారితో నే నేకీభవింపను. గణిత మెఱుగనివానికి సమీకరణమును బొమ్మగా గీయుమని యప్పగించి, బొమ్మ చెడినదని వానిపై విరుచుకొనిపడుట యెక్కడి ధర్మము? తప్పు పద్ధతియందున్నది. ఆ పద్ధతిని ఎఱిగియెఱిగి సాగించుచున్న మనయందున్నది.

ఇంతకంటె మేలైన పద్ధతి ఏనాడో కలదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బ్రయన్ కెర్నిహాన్, లోరిండా చెర్రీ అను నిరువురు ‘ఇ.క్యు.ఎన్.’ అను ప్రోగ్రామును రచించి, 1975లోనే దానిని గూర్చి ప్రకటించియుండిరి. గణితముగాని అచ్చుపనిగాని తెలియని టైపిస్టులు సైతము నేర్వగలుగుటయే వారి యుద్దేశము. సమీకరణమును నోటితో చదివినట్లే అక్షరములలో కొట్టి, ఆ ఫైలును కమాండు లైనులో నీయగా, అది గణితభాగమును మాత్రమే యేరి ‘ట్రాఫ్’ అను కూర్పు ప్రోగ్రామునకు తెలియు ఆజ్ఞలుగా మార్చి యందించును. 2 కొట్టి, ‘సప్’ అని కొట్టి, 5 కొట్టినచో ఘాతాంకము ఎంత చిన్నదై ఎంత పైన నిలువవలెనో యంత్రమే నిర్ణయించును. లవమునకును హారమునకును నడుమ ‘ఓవర్’ అను మాట చాలును. ఏది ఎంతవఱకు లవమో ఫ్లవర్ బ్రాకెట్లు చెప్పును. బ్రాకెట్టు తెఱచి మూయ మఱచినచో ఫలానా లైనులో దోషమున్నదని ప్రోగ్రామే మొఱపెట్టును. తరగతిలో ‘ఏ బై బీ’ అనుట కలవాటుపడిన సారు, ‘బై’ యన్నను ‘ఓవర్’ అనియే గ్రహింపుమని ‘డిఫైన్’ ఆజ్ఞతో ఒక్కమారు చెప్పిన చాలును. ఆపైన ఆయన చదివినది చదివినట్లే ఆపరేటరు కొట్టుకొనిపోవచ్చును.

మౌసుండగా ఈ శ్రమ యేల యనువారికి ఆ ప్రీ-ఫైనల్ కాగితమే సమాధానము. ఖర్చన్నది లేదు: 1990లో జేమ్స్ క్లార్క్ వెలువరించిన ‘గ్రాఫ్’ (ట్రాఫ్ పనినే చేయు ప్రోగ్రాము) ఉచితము, పాత కంప్యూటరుపైనను నడచును. టెక్ అను మఱియొక కూర్పు ప్రోగ్రాము గొప్పది కాదా యందురా, గొప్పదే; నేర్వగలవారు నేర్తురుగాక. తెలుగు ఒత్తులను గ్రాఫ్ సరిగా కూర్పజాలదను మాటయు నిజమే. అయినను తెలుగును యూనికోడులో కూర్చి, గ్రాఫ్‌తో వచ్చు ఇ.క్యు.ఎన్. చేతనే సమీకరణములను బ్రౌజరు చదువగల మ్యాథ్ ఎమ్ఎల్ రూపమున తీయించి, ఆ పుటలో పొదిగి, బ్రౌజరునుండి అచ్చుతీయవచ్చును. ఇంకేమి అడ్డు? సోమరితనము తప్ప నాకేదియు కనబడదు.

గణితమును తెలుగున చెప్పుట మనకు క్రొత్త కాదు. పదునొకండవ శతాబ్దియందే మహావీరాచార్యుని గణితమును పావులూరి మల్లన తెనుగున పద్యములుగా వెలయించెను. 1968లో వెలసిన తెలుగు అకాడమి కళాశాల గణితమును తెలుగున అచ్చువేసి పల్లెబిడ్డల కందించెను. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లాకేంద్రమాయెను. కేంద్రమైనదని సంబరపడిన మనము, తెలుగు మాధ్యమపు బిడ్డకు తప్పులేని ఒక్క సమీకరణమును అచ్చువేసి యీయలేమా? ఆ బిడ్డకు ట్యూషను లేదు, అడుగుటకు ఇంట చదివినవారు లేరు. చేతిలోని కాగితమే గురువు. దానిని చెఱుపుట ఆమె చదువును చెఱుపుటయే యని మొగమాటము లేక చెప్పుచున్నాను.

కావున వచ్చు జూన్‌లో బడులు తెఱచునాటికి ఈ రెండు పట్టణములలోను గణితపు ప్రశ్నలను ఉపాధ్యాయులు అక్షరరూపపు ఫైలుగానే ఈయవలెను. సెంటర్లవారు ఇ.క్యు.ఎన్. నేర్చుకొనవలెను; నేర్చిన ఆపరేటరునకు పుటకు కూలి హెచ్చించి యీయుటకు పాఠశాలలు ఒప్పుకొనవలెను. దిద్దిన ఫైలును పారవేయక, ఏటేటి ప్రశ్నలను ఇరుపట్టణముల సార్లును పంచుకొని దాచవలెను. అట్టి ఫైలు లేక మౌసుతో గీసిన గణితపు ప్రూఫు ఎవరి బల్లమీదికి వచ్చినను సంతకము చేయక త్రిప్పిపంపుడు.