అవ్వ లెక్కపెట్టిన 93 రూపాయలు

ఫిల్మ్‌నగర్‌లో కథా సిట్టింగులకు తిరగబట్టి చాలా ఏళ్లయింది. వాటిలో ఒక మధ్యాహ్నం మాత్రం ఇప్పటికీ కడుపులో మండుతూనే ఉంది. సీతంపేట కొండల్లో జరిగే సీను అది. ఒక సవర ఆదివాసీ అవ్వ సంతలో చింతపండు అమ్ముకుని, వచ్చిన 93 రూపాయలు లెక్కపెట్టుకుంటుంది. గిడుగు రామమూర్తి గారి సవర నిఘంటువు జిరాక్సు సంచిలో వేసుకెళ్లి, అవ్వ లెక్క సవరలోనే రాశాను. కాగితం చూసి సిట్టింగులో ఉన్న పెద్దాయన, "ఇదంతా ఎందుకయ్యా? డబ్బింగులో ఏదో ఒకటి గొణిగిద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. అన్నట్టుగానే ఒకావిడ వచ్చి నోటికొచ్చిన శబ్దాలు చేసి వెళ్లింది. థియేటర్లో ఆ చోట జనం నవ్వారు.

ఎవరికి తెలుస్తుందేమిటి? ఆ కొండల మీద ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

గిడుగు అంటే మనకు వాడుక భాష ఉద్యమం గుర్తొస్తుంది. ఏటా ఆగస్టు 29న దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం. సవరల సంగతి వస్తే ఒక్క వాక్యంతో సరిపెడతాం. పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టారాయన. కొండ దిగి వచ్చే సవరల మాట చెవినబడి, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. జ్వరానికి మింగిన క్వినైన్ చెవులను తినేసింది. మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయింది! అయినా పని మానలేదు. 1931లో సవర వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు. ఆ చివరి పుస్తకం నాటికి ఆయనకు 75 ఏళ్లు. 1940 జనవరిలో పోయారు.

అంత కష్టపడి ఆయన దాచిపెట్టింది ఏమిటో ఎప్పుడైనా తెరిచి చూశామా? సవర మన తెలుగుకు చుట్టం కాదు. ముండా కుటుంబానిది, సంతాలీకి తోబుట్టువు. పులిని 'కినా' అంటారు. పులిని పట్టుకోవడం అనాల్సొస్తే ఆ 'కినా' కాస్తా 'కిడ్' అని కురచబడి క్రియలోకే దూరిపోతుంది. 'ఎవడో నీ పొట్టలో కత్తి దించుతాడు' అన్నదంతా ఒక్క మాటలో ఇమిడిపోతుంది. డైలాగు రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఇక లెక్క. పన్నెండు దాకా విడివిడిగా పేర్లు. ఆపైన పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు. ఇరవై వచ్చాక ఇరవైల లెక్క. అందుకే నా సీనులో అవ్వ 93 అనదు. నాలుగు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి అంటుంది.

ఇలాగే నామవాచకాన్ని క్రియలో కలిపేసుకునే మరో ఆదివాసీ భాష అమెరికా, కెనడాల్లో ఉంది. దాని పేరు మొహాక్. 2023 డిసెంబరులో మార్వెల్ వాళ్లు తమ 'వాట్ ఇఫ్' సిరీస్‌లో ఒక ఎపిసోడ్‌ను చాలా మటుకు మొహాక్‌లోనే నడిపారు, ఆ జాతి పెద్దల సాయం తీసుకుని. కింద సబ్‌టైటిల్స్ వేశారు, జనం చూశారు.

మనవాళ్లకు చేతకాదని ఎవరూ అనలేరు. బాహుబలిలో కాలకేయుల కోసం మదన్ కార్కీ గారు కిలికి భాషను సృష్టించారు. దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, రాజమౌళి గారు దాని వెబ్‌సైట్‌ను ఆవిష్కరించారు. ఆ శ్రమంటే నాకు గౌరవమే. కానీ ఏ తల్లీ బిడ్డకు నేర్పని భాషకు అంత చేసినవాళ్లం, శ్రీకాకుళం, మన్యం కొండల్లో ఈ పొద్దుకీ తల్లులు జోకొడుతున్న భాషకు నాలుగు మాటల చోటు ఇవ్వలేకపోయామే!

గిడుగు వారి అబ్బాయి సీతాపతి గారు సవర పాటలు సేకరించారు. ఆయనే 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి 'రైతుబిడ్డ'లో నటించారు. సవర తెలిసిన మనిషి అంత తొలినాళ్లలోనే తెలుగు సినిమా సెట్టు మీద నిలబడ్డాడన్నమాట. ఆ తర్వాత అలాంటివాళ్ల కోసం మనం వెతికిందీ లేదు, పిలిచిందీ లేదు.

జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో కూర్చుని కొండ సీను రాసే తమ్ముళ్లకు, తీసే పెద్దలకు దణ్ణం పెట్టి అడుగుతున్నాను. మీ బడ్జెట్లో ఒక రోజు కాల్షీటు ఖర్చు కూడా కాదు. సీతంపేట నుంచి ఒక అవ్వను పిలిపించండి. దారి ఖర్చులివ్వండి, రచయితకు ఇచ్చినట్టే పారితోషికం ఇవ్వండి, టైటిల్స్‌లో పేరు వేయండి. మైకు ముందు కూర్చోబెట్టి, ఆ 93 రూపాయలు ఆవిడనే లెక్కపెట్టనివ్వండి.