బొమ్మలు దాచారు సరే, తాళంచెవి ఎవరి చేతిలో?

కళాకారుడు పోయాక అతని పేరుతో ట్రస్టు పెడతారు. శిలాఫలకం వేస్తారు. జయంతికి దండ, వర్ధంతికి ఉపన్యాసం. ఆ రెండు రోజులూ పోగా మిగిలిన 363 రోజులు ఆ తలుపు ఎవరికోసం తెరుచుకుంటోంది? గోదావరి ఇవతలి ఒడ్డున, ముక్తేశ్వరం రేవు దగ్గర నిలబడి మేం ఈ మాట అడుగుతున్నాం.

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలో పనితనం చూసి బొంబాయి జె.జె. ఆర్ట్స్ స్కూలుకు పంపించాడు. చదువు ముగించి వచ్చిన రామారావు సొంత ఊళ్లోనే చిత్రకళాశాల నడిపాడు. 1925 ఫిబ్రవరిలో మశూచి అతన్ని తీసుకుపోయింది. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆ బొమ్మలు చెదలు పట్టిపోకుండా, చిల్లర సరుకులా అమ్ముడుపోకుండా నిలిచాయంటే అది భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం లాంటి వాళ్ల పట్టుదల. ఆయన పేరున ఆర్టు గేలరీ వచ్చింది. తర్వాత అది ప్రభుత్వం చేతికొచ్చింది. మంచి పనే, కాదనం.

అయితే దాచిపెట్టడం సగం పనే. మిగతా సగం పంచిపెట్టడం. మన పేట పిల్లోడు ఆ బొమ్మలు చూడాలంటే పంటెక్కి కోటిపల్లి దాటాలి, అక్కణ్ణించి బస్సెక్కాలి. వెంట వెళ్లే తల్లికి ఒకరోజు కూలి పోతుంది. బళ్లో డ్రాయింగు మాస్టారు ఉండడు. గోడ మీద బొగ్గుతో గీస్తే తిట్లు. ఇక ఆ పిల్లోడికి దామెర్ల ఎవరో ఎలా తెలుస్తుంది?

చట్టం అడ్డం వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది. దామెర్ల పోయి నూరేళ్లు నిండాయి. ఆ బొమ్మలు ఇప్పుడు జనం ఆస్తి. మంచి ఫొటోలు తీసి, పెద్ద అచ్చులు వేసి, కోనసీమలో ప్రతి జిల్లా పరిషత్తు బడి గోడకీ ఎందుకు తగిలించరు? దీనికి కోట్లు అక్కర్లేదు. మనసుండాలి.

'కూలోళ్లకి ముందు కూడు కావాలి గానీ బొమ్మలెందుకు' అంటారు కొందరు పెద్దలు. తమ పిల్లలకు పాటల మాస్టారినీ, డాన్సు మాస్టారినీ ఇంటికి పిలిపించుకునేది వీళ్లే. కూడూ కావాలి, బొమ్మా కావాలి. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టడం పాత ఎత్తు.

బెంగాలు చూడండి. మంగలి కుటుంబంలో పుట్టిన రాంకింకర్ బేజ్ 1938లో శాంతినికేతనంలో సంతాల్ కుటుంబాన్ని శిల్పంగా నిలబెట్టాడు. పాలరాయి కాదు, సిమెంటూ కంకరా. కావడిలో బిడ్డతో వలసపోయే కూలీ సంసారం అది. గదిలో కాదు, ఆరుబయట పెట్టాడు. దారినపోయే కూలీ తన్ను తాను అక్కడ చూసుకోవచ్చు. వారసత్వం పంచడమంటే అదీ.

మరి మన వాళ్ల సంగతి? దామెర్ల బొమ్మలు గీసిన ఆ రాజమండ్రిలోనే, ఆ రోజుల్లోనే, కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' రాశాడు. 'జయభేరి' పత్రిక నడిపాడు. ఆ పత్రిక సంచిక ఒక్కటైనా మన పేటల్లో ఎవరింట్లోనైనా ఉందా? వెతకండి. జాషువా పేరు నిలబెట్టడానికి కూతురు హేమలతా లవణం ఫౌండేషను పెట్టింది. పూనుకుంటే అవుతుందని చూపించింది. కూతురు లేని కవికి, ఆస్తి లేని డప్పు కళాకారుడికి, గోడల మీద అంబేడ్కర్ బొమ్మ గీసి గీసి ఫ్లెక్సీలొచ్చాక పని పోయిన పెయింటరుకి ఎవరు పెడతారు?

మనమే పెట్టాలి. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామంటేనే 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఒక్క పేరునే ఓర్వలేని వాళ్లు మన జ్ఞాపకాలకు ఇల్లు కట్టిపెడతారా?

అన్నలారా, అక్కలారా! సంఘం రిజిస్టరు చేద్దాం. షరతులు ముందే రాసుకుందాం. ఏ ఒక్క ఇంటికీ పెత్తనం ఉండకూడదు. సభ్యుల్లో సగం ఆడవాళ్లు. ఏటా లెక్కలు పేట మీటింగులో పైకి చదవాలి. ముసలోళ్ల పాటలు వాళ్ల పేరుతోనే రికార్డు చెయ్యాలి. పాత కరపత్రాలు, పోస్టర్లు, ఫొటోలు ఏ ఇంటివో రాసి భద్రం చెయ్యాలి. దాచినవన్నీ ఏడాదికొకసారి పేటపేటకీ తిరగాలి. సర్కారును మాత్రం వదలొద్దు. దామెర్ల బొమ్మల అచ్చులు మా బళ్లకు ఇవ్వమని ప్రతి ఊరి నుంచీ కలెక్టరుకు అర్జీ వెళ్లాలి.

ఈ పక్షంలోనే మొదలెడదాం. మీ ఇంటి ట్రంకుపెట్టె తెరిచి చూడండి. దొరికిన కాగితం ఏదైనా చింపకండి, పొయ్యిలో పెట్టకండి. సంఘం మీటింగుకు పట్టుకురండి.

జై భీమ్!