పందికొక్కు గాదె

మా మనవరాలి ఇంగ్లీషు వాచకంలో ‘మోల్’ అనే జంతువు పాఠం వచ్చింది. దానికి తెలుగేమిటని ఆ పిల్ల అడిగితే ఇంట్లో తలొక మాటా అన్నారు. నన్నడిగితే, దానికి మన భాషలో పేరు పెట్టవలసిన అవసరమే రాలేదంటాను. మన దేశంలో ఆ జంతువు తూర్పు హిమాలయాల్లోనూ, అస్సాం వైపు కొండల్లోనూ ఉంది గాని, మా చీరాల ఛాయలకు రాదు.

దాని ముందుకాళ్లు చిన్న పారల్లా ఉంటాయి. కళ్లు ఆవగింజలంత. జీవితమంతా సొరంగాల్లోనే గడుపుతుంది. ఆహారం వానపాములు, పురుగులు. యూరపు మోల్ అయితే వానపాముల తలలు కొరికి, చావకుండా, కదలకుండా చేసి నిలవ పెట్టుకుంటుంది. ధాన్యం జోలికి మాత్రం పోదు.

మన నేలకింద కాపురముండేది పందికొక్కు. వీటిలో రెండు రకాలు. పెద్దది ఇళ్ల పునాదుల్లో, దొడ్లలో తిరుగుతుంది. కిలో దాకా తూగుతుంది. చిన్నది పొలం గట్లను తొలుస్తుంది. మోల్‌తో ఏ చుట్టరికమూ లేకపోయినా, తెల్లదొరలు ఈ చిన్నదాన్ని ‘మోల్ రాట్’ అని రాసుకున్నారు. పెద్దదానికి మన పేరే ఉంచారు. మన పందికొక్కే వాళ్ల నోట ‘బాండికూట్’ అయింది. ఆ మాట ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లింది. అక్కడ పొట్టసంచిలో పిల్లల్ని పెంచుకునే వేరే జంతువుకు ఆ పేరు తగిలించారు. ఆ విధంగా తెలుగు మాట సముద్రాలు దాటింది గాని, అసలు పందికొక్కు ఇక్కడే ఉండి మన వరి తింటున్నది.

చీరాల పొలాలు కృష్ణా పశ్చిమ డెల్టాకు చివరి భూములు. కొమ్మమూరు కాలువ నీరు అన్ని ఊళ్లూ దాటి ఇక్కడికి రావాలి. అంత కష్టంమీద పండిన పంటలో, గింజ గట్టిపడే వేళకు పందికొక్కు వెన్నులు కొరికి కలుగులోకి లాక్కుపోతుంది. లోపల పిల్లలకొక అర, ధాన్యానికొక అర. ద్వారానికి మట్టి అడ్డం. ఇరవైమూడు రోజుల చూలు, ఈతకు అరడజనుకు పైగా పిల్లలు!

ఆ గాదె గుట్టు తెలిసినవారు యానాదులు. తాజా మట్టికుప్ప చూసి లోపల కాపురం ఉన్నదీ లేనిదీ చెప్పేస్తారు. తక్కిన నోళ్లు మూసి, కుండలో గడ్డి కూరి నిప్పంటించి, చిల్లిగుండా కలుగులోకి పొగ ఊదుతారు. ఆ తర్వాత తవ్వుతారు. ఎలుక పోయి రైతు పంట నిలుస్తుంది. కలుగులోని ధాన్యం వారి పొయ్యిమీదికి చేరుతుంది.

ఇప్పుడు అంగట్లో ఎలుకల మందులు ఎన్నో దొరుకుతున్నాయి. వాటిలో కొన్ని తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే దానికీ ముప్పే. గుడ్లగూబ పోతే మిగిలిన ఎలుకలకు పండుగే గదా! పొగకుండకు ఆ దోషం లేదు.

ఇంత విద్య తెలిసినవారిని ‘ఎలుకలు తినేవాళ్లు’ అని చిన్నచూపు చూడటం మనవాళ్లకు అలవాటు. వాళ్లు తినేది ఎలుకనే కావచ్చు. మన కంచంలోకి వచ్చే అన్నంలో నాలుగు మెతుకులు ఆ ఎలుక నోటినుంచి తప్పించి తెచ్చినవి కూడా వాళ్లే.